విశాఖలో కప్పల గుంట: తవ్వకం నుంచి లెక్క దాకా

కప్పల్ని పెంచుతామనేవాళ్ళు మొదట అడిగేది గాజుపెట్టె ఎంత సైజుది కొనాలని. కొనకండి. చుట్టుపక్కల దొరికే కప్పను పట్టి ఇంట్లో పెట్టుకుంటే వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972తో చిక్కులొస్తాయి. మన బుల్‌ఫ్రాగ్ కాళ్ళను టన్నులకొద్దీ విదేశాలకు పంపిన రోజులున్నాయి. 1987లో ప్రభుత్వం ఆ ఎగుమతినే ఆపేసింది. చట్టం మాట అటుంచినా, కదలని తిండిని కప్ప ముట్టదు. రోజూ బతికున్న పురుగులు ఎక్కణ్ణుంచి తెస్తారు? ఆ డబ్బుతో పెరట్లో ఒక గుంట తవ్వుకుంటే కప్పలు వాటంతటవే వస్తాయి. పట్టనక్కర్లేదు, తిండి పెట్టనక్కర్లేదు.

అయితే ఆ గుంటకు రెండు షరతులు. అందులో చేప ఉండకూడదు. ఏడాదికోసారి అది ఎండాలి. ఈ రెండూ తప్పితే మీ దగ్గర ఉండేది అందమైన నీటితొట్టే తప్ప కప్పల గుంట కాదు. వానాకాలంలో నిండి వేసవికి ఎండే గుంటల్లోనే మన కప్పల్లో చాలావరకు గుడ్లు పెడతాయి. నీళ్ళు ఏడాది పొడవునా ఉండే చోట గుడ్లు తినే చేప, తోకకప్పల్ని తినే తూనీగ పిల్ల కూడా ఏడాది పొడవునా ఉంటాయి. ఇది తెలియకే చాలామంది ఫౌంటెన్, గప్పీలు, రంగురాళ్ళు అన్నీ పెట్టి, కప్పలెందుకు రావడం లేదని అడుగుతుంటారు.

ఎవరెవరు వస్తారు

అందరికన్నా ముందొచ్చేది గోదురు కప్ప. గరుకు ఒళ్ళు, కళ్ళ చుట్టూ నల్లటి గట్లు, చెవి వెనక ఉబ్బుగా విషగ్రంథులు. వీధిదీపం కింద కూర్చుని రాలిన పురుగుల్ని ఏరుకునేది ఇదే. ఏప్రిల్, మే నెలల్లో ఒక గట్టి జల్లు పడినా చాలు, గుడ్లు పెట్టేస్తుంది.

నీటి అంచున కూర్చుని, అడుగు చప్పుడు వినగానే నీళ్ళ మీదే గెంతుకుంటూ పోయేది స్కిట్టరింగ్ ఫ్రాగ్. మెహాద్రిగెడ్డ, ముడసర్లోవ జలాశయాల అంచుల్లో ఇది ఉండాల్సిన కప్ప. పచ్చిక తడిసిన చోట చిన్న క్రికెట్ ఫ్రాగులు కనిపిస్తాయి. బాత్‌రూమ్ గోడకు, ట్యాంకు మూత కింద అంటుకుని పడుకునేది చెట్టుకప్ప. వేళ్ళ చివర గుండ్రటి పట్లుంటాయి కాబట్టి నున్నటి టైలు మీద కూడా జారదు. రెండున్నర సెంటీమీటర్లు కూడా దాటని ఆర్నేట్ నారో-మౌత్ కప్ప వీపు మీద గోధుమరంగు డిజైను ఉంటుంది. దాని గొంతు మాత్రం ఒంటికి పది రెట్లు. బుల్‌ఫ్రాగ్ ఇంటి పెరట్లోకి రావడం అరుదు. పెందుర్తి వైపు పొలాల పక్కనుంటే తొలి పెద్ద వాన మర్నాడు చూడండి: మగవి నిమ్మపండు పసుపులోకి మారిపోతాయి, గొంతుకు రెండు పక్కలా నీలి సంచులు ఉబ్బుతాయి. ఆ రంగు కొద్దిరోజులే.

నేలలో కూరుకుని ఏడాదిలో ఎక్కువ భాగం నిద్రపోయే బెలూన్ కప్పలు, ఇసుకలో తవ్వుకునే కప్పలు కూడా మన వైపు ఉన్నాయి. కాళ్ళే లేని ఉభయచరాలు, అంటే సిసిలియన్లు, తూర్పు కనుమల తడి మట్టిలో ఉంటాయి. గెజెనియోఫిస్ ఓరియంటాలిస్ అనే జాతిని శాస్త్రవేత్తలు 2013లోనే వర్ణించారు. అరకు, అనంతగిరి వైపు కాఫీతోటల్లో మట్టి తవ్వేటప్పుడు ఉంగరాలున్న పెద్ద వానపాములాంటిది కనిపిస్తే ఒక క్షణం ఆగండి. నోరు, దవడ ఉంటే అది వానపాము కాదు. ఫొటో తీసి, మట్టి కప్పేయండి.

చోటు, తవ్వకం

తవ్వకం మే నెలాఖరుకు ముగిసేలా పెట్టుకోండి. నైరుతి వానలు విశాఖకు మామూలుగా జూన్ మొదటి, రెండో వారాల్లో తగులుతాయి. అప్పటికి గుంట సిద్ధంగా ఉండాలి. పొద్దున ఎండ, మధ్యాహ్నం నీడ పడే చోటు మంచిది. రోజంతా ఎండ పడితే లోతు తక్కువ నీళ్ళు 40 డిగ్రీలు దాటి తోకకప్పలు ఉడికిపోతాయి. పూర్తిగా చెట్టు కిందైతే ఆకులు రాలి కుళ్ళి నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతుంది. ఇంటి గుమ్మానికి కనీసం 5 మీటర్ల దూరం ఉంచండి. కారణం కింద పాముల దగ్గర చెబుతాం. బీచ్ రోడ్డుకు దగ్గరి ఇళ్ళవాళ్ళు సముద్రం వైపు గోడ చాటున తవ్వుకోవాలి. ఉప్పుగాలి తుంపర నేరుగా పడితే నీళ్ళు క్రమంగా ఉప్పెక్కుతాయి.

2 మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల వెడల్పు, లోతైన చోట 45 సెంటీమీటర్లు ఉంటే చాలు. వాలున్న గుంటలో సుమారు 700 లీటర్లు పడతాయి. లోతు ఎక్కువైతే మేలనుకోవద్దు. తోకకప్పలు ఎక్కువగా మేసేది 10 నుంచి 15 సెంటీమీటర్ల లోతులోనే. అందుకని ఒక పక్కను చాలా నెమ్మదిగా వాలనివ్వండి: అడుగు దిగడానికి మూడు నాలుగడుగుల పొడవు. తోక ఇంకిపోయిన పిల్లకప్ప నీళ్ళలోంచి నడిచి బయటికి రావాలి. నిలువు గోడైతే అది ఎక్కలేక అక్కడే మునిగిపోతుంది. ఇంటి గుంటల్లో పిల్లకప్పలు చావడానికి పెద్ద కారణం ఇదే.

అడుగున రాళ్ళు, వేర్లు ఏరేసి 5 సెంటీమీటర్ల ఇసుక పరవండి. దాని మీద పాత గోనెసంచులు, వాటిమీద షీటు. పొలాల్లో నీటికుంటలకు వేసే 500 మైక్రాన్ల మందం నల్ల హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ షీటు కొనండి. లారీల మీద కప్పే నీలిరంగు పట్టా ఒక్క వేసవి ఎండకే పిగిలిపోతుంది. షీటు కొలత ఇలా: గుంట పొడవుకు లోతును రెండింతలు చేసి కలపండి, దానికి మరో 60 సెంటీమీటర్లు అంచుకోసం. పైన చెప్పిన గుంటకైతే మూడున్నర మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు షీటు కావాలి. అంచుల్ని చుట్టూ మట్టిలో పాతేసి, షీటు మీద మళ్ళీ 5 సెంటీమీటర్ల మందాన తోటమట్టి పరవండి. మన ఎర్రమట్టి వాడితే నెల రోజులు నీళ్ళు ఎర్రగానే ఉంటాయి. అదేం తప్పు కాదు, వాననీటి గుంటలన్నీ అలాగే ఉంటాయి. ఒక మూల అంచును 5 సెంటీమీటర్లు దించి, గులకరాళ్ళు పోసి, పొంగిన నీళ్ళు తోటలోకి పోయే దారి పెట్టండి. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను వస్తే ఒక్క రాత్రిలో గుంట నిండి పొర్లుతుంది. దారి వీధికాలువలోకి ఉంటే తోకకప్పలూ అటే పోతాయి.

సిమెంటు గుంట కట్టించుకున్నవాళ్ళకు ఒక హెచ్చరిక. కొత్త సిమెంటులోని సున్నం నీళ్ళలోకి దిగి, పీహెచ్ (నీళ్ళలో ఆమ్ల, క్షార గుణాల కొలత) 11 దాటుతుంది. నింపి మూణ్ణాలుగు రోజులుంచి పారబోయడం రెండు మూడు వారాలు చేయాలి. పీహెచ్ 8.5 కిందకు వచ్చాకే మట్టి వేయండి.

అపార్టుమెంటు వాళ్ళు మూడడుగుల ప్లాస్టిక్ తొట్టి ఒకటి పెట్టుకోవచ్చు. అంచు దాకా మట్టిలో పాతితే సరే. పాతలేకపోతే బయట ఒక ఇటుకల మెట్లవరుస, లోపల ఒక వాలు రాయి పెట్టాలి. పై అంతస్తు బాల్కనీలో మాత్రం ఆశ పెట్టుకోవద్దు. చెట్టుకప్ప తప్ప మరేదీ అంత ఎత్తుకు రాదు.

నీళ్ళు

వాననీళ్ళకు మించినవి లేవు. మేడ మీది నీళ్ళు మళ్ళించేటట్లయితే ఏడాదిలో మొదటి రెండు వానల నీళ్ళు పారబోయండి. నెలల తరబడి పేరుకున్న దుమ్ము, బొగ్గుపొడి, పావురాల రెట్ట వాటితోనే దిగుతాయి. కొళాయి నీళ్ళే గతైతే వెడల్పాటి తొట్టిలో ఒకటి రెండు రోజులు ఎండలో తెరిచి ఉంచి పోయండి. ఉభయచరాల చర్మం, తోకకప్పల మొప్పలు క్లోరిన్‌ను తట్టుకోలేవు. తొందరైతే అక్వేరియం షాపులో దొరికే సోడియం థయోసల్ఫేట్ పలుకులు 100 లీటర్లకు గ్రాము, గ్రామున్నర వేసి కలిపితే క్లోరిన్ పోతుంది. బోరు నీళ్ళను టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల లెక్క) మీటరుతో చూడండి. 500 లోపుంటే నిశ్చింత. 1000 దాటితే గుంటకు పనికిరావు. తీరానికి దగ్గరి బోర్లలో ఇది తరచూ ఎదురయ్యే సమస్య. ఆర్వో యంత్రం వదిలేసే నీళ్ళలో ఉప్పంతా చేరి ఉంటుంది, అవి వద్దు. ఏసీ నీళ్ళు రాగి గొట్టాల్ని తాకి వస్తాయి, అవీ వద్దు. తోకకప్పలకు రాగి విషం. నాచు పోవడానికి మైలుతుత్తం వేయమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు, వినకండి, అందులోనూ రాగే ఉంటుంది. పటిక, బ్లీచింగ్ పౌడరు కూడా అంతే. నాచు తోకకప్పల తిండి. మరీ గుట్టలుగా పెరిగితే కర్రకు చుట్టి సగం తీయండి. తీసిన నాచును ఒక రాత్రి గుంట గట్టునే ఉంచితే అందులో ఇరుక్కున్న ప్రాణులు దిగిపోతాయి.

మొక్కలు కొనాల్సిన పనిలేదు. లోతు తక్కువ చోట తుంగ, తూటికూర, సరస్వతి ఆకు. లోతులో ఒక కలువ దుంప. గట్టు మీద చేమ. ఇవి చాలు. గుర్రపుడెక్కను మాత్రం ఒక్క మొక్కైనా వేయకండి, నెలల్లో గుంట మొత్తం కప్పేస్తుంది. అంతరతామరదీ అదే బుద్ధి. నీళ్ళలో మూడోవంతు ఆకుల కిందుండి మిగతాది తెరిచి ఉండేలా చూసుకుంటే సరిపోతుంది. తోటలో పురుగుమందు కొడితే గుంట దండగ. కలుపుమందు మరీ ప్రమాదం. గ్లైఫోసేట్ సీసాలో మందు ఆకుకు అంటుకోవడానికి కలిపే సబ్బులాంటి పదార్థం తోకకప్పల మొప్పల్ని దెబ్బతీస్తుంది.

దోమల సంగతి

పక్కింటివాళ్ళు మొదట అడిగేది ఇదే. అడగడంలో న్యాయముంది. డెంగీ, మలేరియా ఉన్న ఊరిలో నిలవ నీళ్ళు పెట్టుకుంటే బాధ్యత మీదే. తోకకప్పలు దోమపిల్లల్ని తినేస్తాయన్న మాట నమ్మి కూర్చోకండి. బుల్‌ఫ్రాగ్ పిల్లలు మాంసాహారులు, తింటాయి, పక్కనున్న తోకకప్పల్నీ తింటాయి. మిగతా చాలా జాతుల పిల్లలు గీకేది నాచునే.

విశాఖ ఎండలో దోమ గుడ్డు వారం, పది రోజుల్లో రెక్కలు తొడుక్కుంటుంది. కాబట్టి వారానికోసారి పరీక్ష తప్పదు. తెల్లటి మగ్గుతో గుంట అంచున పది చోట్ల నీళ్ళు ముంచి చూడండి. నీటి పైపొరకు తలకిందులుగా వేలాడుతూనో చదునుగా ఆనుకునో ఉండి, మగ్గు కదిలిస్తే మెలికలు తిరుగుతూ కిందికి పోయేవి దోమపిల్లలు. పది మునకల్లో ఒకటి రెండు కనిపిస్తే టీ వడపోతతో తీసేయండి. అంతకు మించితే బీటీఐ వాడండి. బాసిల్లస్ తురింజియెన్సిస్ ఇస్రాయిలెన్సిస్ అనే ఈ బ్యాక్టీరియా పొడి దోమపిల్లల పేగును దెబ్బతీస్తుంది, కప్పల జోలికి పోదు. ప్యాకెట్ మీది మోతాదునే పాటించండి. ఒకటి రెండు వారాలకోసారి మళ్ళీ వేయాలి. కొన్ని నెలలకు నీటిబొద్దింకలు, వెల్లకిలా ఈదే పురుగులు, తూనీగలు చేరి పెద్ద గుంటలో సగం పని అవే చేస్తాయి.

చిన్న తొట్టిలో ఆ సైన్యం చేరదు. అక్కడ ఒక చిట్కా ఉంది: గుడ్లు కనపడిన మర్నాడు తొట్టిని నైలాన్ దోమతెరతో కప్పి తాడుతో బిగించండి. దోమ లోపలికి వెళ్ళి గుడ్లు పెట్టలేదు, తోకకప్పలు లోపల హాయిగా పెరుగుతాయి. ముందుకాళ్ళు రాగానే తెర తీసేయండి. గుడ్లే రాని తొట్టినైతే శుక్రవారం, నిలవ నీళ్ళు పారబోసే డ్రై డే నాడు, అందరితోపాటు వంచేయండి.

మలేరియా విభాగం సిబ్బంది వస్తే దాచకండి. బీటీఐ ప్యాకెట్టు చూపించి, ఈ ఒక్క గుంటలో దోమపిల్లల్ని చంపే అబేట్ మందు, నూనె, గంబూజియా చేపలు వేయవద్దని ముందే అడగండి. గంబూజియా అమెరికా చేప, మన దేశానికి 1928లో తెచ్చారు. దోమపిల్లతోపాటు కప్పగుడ్డునూ తింటుంది, చిన్న తోకకప్ప తోకను కొరికి వదిలేస్తుంది. ఒకసారి చేరితే వలతో మొత్తం తీయడం జరగని పని. గుంటను ఎండబెట్టడమొక్కటే దారి. ఇంట్లో విసిగిపోయిన ఎర్రచెవి తాబేలును, తిలాపియాను తెచ్చి వదిలేవాళ్ళు కూడా ఉంటారు. గేటెడ్ కమ్యూనిటీల్లోనైతే దీనికి బోర్డే పెట్టాలి.

గుడ్లు, తోకకప్పలు

వాన పడిన మర్నాడు తెల్లారగానే చూడండి, ఎవరు వచ్చి వెళ్ళారో గుడ్లే చెబుతాయి. కలుపుకు చుట్టుకున్న పొడవాటి జిగురుదండ, లోపల నల్లపూసల వరస ఉంటే గోదురు కప్ప. నీటి మీద చదునుగా, ఒకే పొరగా తేలే చిన్నగుడ్ల మండలం నారో-మౌత్‌ది. నీళ్ళ పైన ఆకుకో గోడకో అంటిన తెల్లటి నురగముద్ద, పై పొర ఎండి లేతగోధుమగా మారుతున్నది, చెట్టుకప్పది. ఆ నురగలోనే మూడు నుంచి ఐదు రోజుల్లో పిల్లలు పొదిగి, జారి కింది నీళ్ళలో పడతాయి. నురగ బకెట్ మీదో ట్యాంకు గోడకో పెట్టి ఉంటే చాకుతో అంటుకున్న పొరతో సహా వొలిచి, ఒక ఆకు మీద ఉంచి, గుంట మీదకు వంగిన కొమ్మకు కట్టండి. నీళ్ళలో వేయకండి, మునిగితే లోపలి గుడ్లకు ఊపిరాడదు.

బతికున్న గుడ్డు రెండోరోజుకు చుక్క నుంచి కామా ఆకారంలోకి సాగుతుంది. తెల్లగా మారి దూది పట్టినవి చచ్చినవి. కొన్ని అలా పోవడం మామూలే. దండ సగానికి పైగా తెల్లబడితే నీళ్ళలో తేడా ఉందని అర్థం, పీహెచ్, టీడీఎస్ చూడండి.

నల్లగా, గుంపులు గుంపులుగా తిరిగేవి గోదురు కప్ప పిల్లలు. అవి ఒడ్డెక్కడానికి ఐదారు వారాలు పడుతుంది. నారో-మౌత్ పిల్ల గాజులా ఉంటుంది. మధ్యనీటిలో కదలకుండా నిలబడి తోక చివర మాత్రం అల్లాడిస్తుంది, ఒంట్లోని పేగుచుట్ట పైకి కనిపిస్తుంది. ఇది నీళ్ళను వడకట్టుకుని తినే రకం, ఆకు గీకదు. మూడు నాలుగు వారాల్లో పని ముగించేస్తుంది. చెట్టుకప్ప పిల్లలకు రెండు నెలలు పట్టవచ్చు. ఎండిపోయే తొట్టిలో దాని గుడ్లుంటే నీళ్ళు నిలబెట్టాల్సిన గడువు అదీ.

పెద్ద గుంటలో తోకకప్పలకు తిండి పెట్టకండి. పిల్లలు ముచ్చటపడి వేసే బ్రెడ్డు, అన్నం మర్నాటికి కుళ్ళుతాయి. పొద్దున్నే తోకకప్పలన్నీ పైకొచ్చి నోరు తెరిచి గాలి మింగుతుంటే ఆక్సిజన్ తగ్గిందనే. కుళ్ళిన ఆకులు తీసి, మూడోవంతు నీళ్ళు నిలవ ఉంచిన కొత్త నీటితో మార్చండి. ఒకేసారి మొత్తం మార్చకూడదు. తొట్టిలో తిండి పెట్టాల్సి వస్తే లెట్యూస్ ఆకు, కీరదోస ముక్క మెత్తగా ఉడికించి, రెండు గంటల్లో తినగలిగినంతే వేయండి. పాలకూర, తోటకూరల్లో ఆక్సలేట్లు ఎక్కువ. రోజూ అవే పెడితే తోకకప్పల మూత్రపిండాల్లో రాళ్ళు కడతాయి. లీటరుకు ఒకటికి మించి ఉంటే ఒకదాన్నొకటి అణిచి పొట్టిగానే మిగిలిపోతాయి.

వెనకకాళ్ళు ముందు మొలుస్తాయి, వారాల తర్వాత ముందుకాళ్ళు ఒక్కసారిగా బయటికొస్తాయి. ఆ రోజు నుంచి తోక ఇంకిపోయేదాకా అది ఏమీ తినదు. నాచు గీకే నోరు మాయమై పురుగుల్ని పట్టే నోరు తయారవుతుంటుంది, తోకే దాని ఆహారం. ఈ నాలుగైదు రోజుల్లో తిండి వేస్తే నీళ్ళు పాడవడం తప్ప లాభం లేదు. దానికి కావలసింది ఒడ్డు. గులకరాళ్ళ వాలు, నాచు పట్టిన కర్ర, తడి ఆకుల కుప్ప ఏదైనా సరే. ఒక సెంటీమీటరు కూడా లేని గోదురు పిల్లలు వానరాత్రి వందలుగా ఒడ్డెక్కుతాయి. ఆ రెండు వారాలు పచ్చిక కోసే యంత్రం తీయకండి, నడిచేచోటు చూసి నడవండి.

ఇంకుడు గుంతలు, సంపులు, దారిగుంటలు

కొత్తగా కప్పల్ని తెప్పించడం కంటే ఉన్నవి చావకుండా చూడటం సులువు. నిలువు గోడల ఇంకుడు గుంతలో రాత్రి పడిన గోదురు కప్ప మళ్ళీ రాలేదు. కొబ్బరిపీచు తాడు బొటనవేలు మందంది ఒకటి గుంత అడుగు దాకా వేలాడదీసి పైన మేకుకు కట్టండి, గరుకు పలకైనా వాలుగా పెట్టండి. సంపు మూత చుట్టూ ఖాళీకి సన్నజాలీ బిగించండి. తెరిచిన కాలువలకూ ఇదే మందు.

మధురవాడ, ఎండాడ వైపు పునాదులు తవ్వి వదిలిన గుంటల్లో, రోడ్డు పక్క పల్లాల్లో గుడ్లు పెట్టేసి, వాన ఆగగానే అవి ఎండిపోవడం ఏటా జరుగుతుంది. ముందు చేయాల్సింది తోకకప్పల్ని మోసుకుపోవడం కాదు, అక్కడే నిలవ ఉంచిన నీళ్ళు రెండు బకెట్లు పోయడం. ఒకటి రెండు వానలు అలా దాటిస్తే చాలు. తప్పనిసరై తరలిస్తే అదే పక్కనున్న చేపల్లేని గుంటలోకే, అదే నీటితో, సంచిని 20 నిమిషాలు కొత్త నీటి మీద తేలించి వేడి సమం చేసి వదలండి. దూరంగా, వేరే గెడ్డలోకి (వాగులోకి) తీసుకుపోతే జబ్బుల్ని కూడా మోసుకుపోయినట్టే.

రాత్రి లెక్క

కప్పల అధ్యయనమంటే సగం వినికిడే. వాన తర్వాత రాత్రి 7 నుంచి 10 లోపు, గాలి నెమ్మదిగా ఉన్నప్పుడు వెళ్ళండి. ఇంటి గుంట, దగ్గరి పార్కు, గెడ్డ ఒడ్డు, ఇలా మూడు నాలుగు చోట్లు ఎంచుకుని ప్రతిసారీ అవే చోట్లకు, అదే వరసలో పోవాలి. చోట్లు మార్చితే లెక్కకు విలువ ఉండదు. కంబాలకొండ అభయారణ్యంలో రాత్రి నడక అటవీశాఖ అనుమతి లేకుండా కుదరదు. రోడ్డు మీదనుంచి విన్నదే రాసుకోండి.

చేరాక రెండు నిమిషాలు టార్చి ఆర్పి ఊరికే నిలబడండి. మన అడుగులకు ఆగిన అరుపులు మళ్ళీ మొదలవుతాయి. తర్వాత ఐదు నిమిషాలు వినండి. ఒక్కో జాతికి అంకె వేయండి: ఏమీ వినపడకపోతే 0, విడివిడిగా లెక్కపెట్టగలిగితే 1, ఒకదానిమీదొకటి పడుతున్నా వేరు చేయగలిగితే 2, మొత్తం ఏకధాటి హోరైతే 3. గోదురు కప్పది ఆగకుండా సాగే కుర్ర్ర్ర్, బుల్‌ఫ్రాగ్‌ది లోతైన బొంగురు, చెట్టుకప్పది విడివిడి టక్ టక్ టక్. నారో-మౌత్ గరగరను మొదట విన్నవాళ్ళు పెద్ద కప్పనుకుని వెతుకుతారు. ఫోనులో నిమిషం రికార్డు చేస్తే మరొకరు సరిచూడగలరు. చెట్టు మీది కీచురాళ్ళను కప్పలుగా రాసేయడం కొత్తవాళ్ళ దగ్గర మామూలు.

కాగితం మీద తేదీ, గంట, చోటు, ఉష్ణోగ్రత, గడిచిన 24 గంటల వాన రాయండి. నిటారు గోడల సీసా ఒకటి కోసి, స్కేలు అంటించి, గరాటుతో మేడ మీద పెడితే వానమానిని అయిపోతుంది. పొద్దున 8:30కి కొలవండి. వాతావరణ శాఖ కొలిచేదీ అదే గంటకు కాబట్టి వాళ్ళ లెక్కతో పోల్చుకోవచ్చు. 0 వచ్చిన రాత్రులు రాయకపోవడం అందరూ చేసే తప్పు. ఆ సున్నాలే లేకపోతే కప్పలెప్పుడు మొదలెట్టాయో ఎలా తెలుస్తుంది?

ఫొటోకైతే వీపు, పక్కనుంచి చెవిపొర, తొడ లోపలి గీతలు, వెనకకాలి వేళ్ళ మధ్య పొర కనబడాలి. ఒకే ముఖం ఫొటోతో క్రికెట్ ఫ్రాగ్ జాతి తేల్చడం నిపుణులకే కష్టం. జాతి తెలియకపోతే ఊహించి పేరు పెట్టకుండా ఐ-నాచురలిస్ట్‌లోనో ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లోనో పెట్టండి.

చేతులు, బూట్లు, జబ్బు

పట్టుకోకుండా చూడటమే మేలు. రోడ్డు దాటించాల్సి వస్తే చేతిని గుంట నీళ్ళతో తడిపి, నడుము దగ్గర పట్టుకోండి. దోమల క్రీము పూసిన చేత్తో ముట్టకండి, అందులోని రసాయనం కప్ప చర్మం గుండా నేరుగా ఒంట్లోకి పోతుంది. క్రీమును ప్యాంటుకు, చొక్కాకు పూసుకోండి, అరచేతులు వదిలేయండి. పట్టుకున్నాక సబ్బుతో కడుక్కోనిదే కళ్ళు తుడుచుకోవద్దు.

కైట్రిడ్ బూజు ప్రపంచమంతటా ఉభయచర జాతులను తుడిచిపెట్టిన జబ్బు, మన దేశంలోనూ కప్పల మీద గుర్తించారు. అరకు నుంచి వచ్చి అదే బురదబూట్లతో ఇంటి గుంటలో దిగకండి. బ్రష్‌తో బురద వదిలించి, ఇంట్లో వాడే 4, 5 శాతం బ్లీచుకు నాలుగింతల నీళ్ళు కలిపి ఐదు నిమిషాలు ముంచి, కడిగి ఆరబెట్టండి. ఆ కడిగిన నీళ్ళు గుంటవైపు పోకూడదు. బ్లీచు లేకపోతే విశాఖ ఎండే ఉంది. ఈ బూజు 37 డిగ్రీల దగ్గర కొన్ని గంటలే బతుకుతుంది, పూర్తిగా ఎండిన బూటు మీద అంతకన్నా తక్కువ. కాళ్ళ కింద ఎర్రబడి, చర్మం పొరలు ఊడుతూ, పగలు కదలకుండా ఉన్న కప్పలు రెండు మూడు ఒకేచోట కనిపిస్తే ముట్టకుండా ఫొటో, తేదీ రాసి అటవీశాఖకు, దగ్గరి విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర విభాగానికి తెలపండి.

పాములు, కుక్కలు, పిల్లలు

కప్పలున్న చోటికి నీరుకట్టె వస్తుంది, జెర్రిగొడ్డు వస్తుంది. రెండూ విషం లేనివే. నాగుపాము కూడా గోదురు కప్పల్ని తింటుంది. అందుకే గుమ్మానికి 5 మీటర్లు. గుంటకు, ఇంటికి మధ్య పచ్చికను పొట్టిగా ఉంచి, కట్టెలు, ఇటుకలు గుట్ట వేయకండి. రాత్రి టార్చి, బూట్లు లేకుండా వెళ్ళొద్దు. పాము కనిపిస్తే దారివ్వండి, ఇంట్లోకి దూరితే పాములు పట్టేవాళ్ళను పిలవండి.

పెంపుడు కుక్క గోదురు కప్పను కరిస్తే నురగ కక్కుతుంది. తలను కిందకు వంచి, పైపుతో నోటి పక్కనుంచి నీళ్ళు బయటికి కారేలా ఐదు పది నిమిషాలు కడగండి, తర్వాత పశువైద్యుడి దగ్గరకు. నీళ్ళు గొంతులోకి పోనివ్వకూడదు. చిన్నపిల్లలున్న ఇంట్లో గుంట మీద రెండంగుళాల కన్నాల ఇనుప జాలీ నీటి మట్టానికి కాస్త పైన బిగించండి. 30 సెంటీమీటర్ల నీళ్ళు కూడా పసివాడికి ప్రమాదమే. ఆ కన్నాల గుండా కప్పలు వచ్చిపోతాయి.

ఎండాకాలం

ఫిబ్రవరి తర్వాత గుంటకు నీళ్ళు పోయడం ఆపేయండి. వేసవిలో రోజుకు అరసెంటీమీటరుకు పైగా ఆవిరవుతుంది, ఏప్రిల్ చివరికి అడుగు బురద పగులుతుంది. ఎండేముందు మిగిలిన నీళ్ళలో ఆలస్యంగా పెట్టిన గుడ్ల తోకకప్పలుంటే తీసి నీడలో తొట్టిలో పెట్టండి. ఎండిన బురదను పూర్తిగా గోకి తీయొద్దు. పై రెండంగుళాలు సగం తీసి మొక్కలకు వేసి, మిగతా సగం వదిలేయండి.

కప్పలు ఆ వేసవంతా నేలలో ఉంటాయి. గుంట పక్కనే రెండడుగుల వెడల్పున మట్టి గుల్ల చేసి, రాలిన ఆకులు అడుగు మందాన పోసి, పగిలిన కుండ పెంకులు నోరు వాలుగా ఉండేలా సగం పాతిపెట్టండి. వారానికి రెండుసార్లు సాయంత్రం ఆ ఆకుల మీద ఒక మగ్గు నీళ్ళు చల్లితే చాలు. మార్చి నుంచి జూన్ దాకా అక్కడ గునపం దించకండి. ఆ నెలల్లోనే షీటు అంచులు బయటపడ్డాయేమో చూసి మట్టి కప్పండి, పొంగు దారిలో పూడిన గులకరాళ్ళు కడిగి మళ్ళీ వేయండి, బీటీఐ ప్యాకెట్టు గడువు చూసి కొత్తది తెచ్చుకోండి. మే నెలాఖరుకు వానమానిని సీసా మేడెక్కాలి.